సముద్రం లేని జిల్లాలో పడవల మ్యూజియం పెట్టడం ఎలా

నన్ను అడిగేవాళ్లలో సగం మంది "కర్నూల్లో సముద్రమే లేదు, పడవల మ్యూజియం ఏంటన్నా?" అంటారు. మిగతా సగం మంది "మా తాత పుట్టి గొడ్లపాకలో పడుంది, పారేయబుద్ధి కావట్లేదు, ఏం చేయమంటారు?" అంటారు. పుట్టి అంటే వెదురు బద్దలతో చేసే గుండ్రటి ఏటి పడవ. ఇద్దరికీ విడివిడిగా ఫోన్లో చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను. తుంగభద్ర ఒడ్డున మా ఊళ్లో నలుగురం కలిసి ఒక గదిలో ఇలాంటిది ఐదేళ్లుగా నడుపుతున్నాం. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే చాలు.

ముందు మొదటి ప్రశ్న సంగతి. కర్నూలు పాత పేరు కందెనవోలు. అలంపురం గుడికి రాళ్లు మోసుకెళ్లే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవని చెప్పుకుంటారు, అంటే ఊరి పేరులోనే ఏరు దాటడం ఉంది. సుంకేసుల నుంచి కడప దాకా వెళ్లే కేసీ (కర్నూలు-కడప) కాలువను 1863-1870 మధ్య తవ్వినప్పుడు అది పొలాల కోసం ఎంతో పడవల కోసం కూడా అంతే. కట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. కడప నీలిమందు మద్రాసు రేవుకెళ్లి ఓడలెక్కింది. ఇవాళ మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పొడి సముద్రంలో చమురు బావులు తవ్వే బురదలో కలుస్తోంది. అనంతపురం వాళ్లు చెరువు కట్టి దానికి బుక్కరాయసముద్రం అని పేరు పెట్టుకున్నారు. నీళ్లతో మనకున్న సంబంధం చిన్నదేం కాదు, రాసిపెట్టుకోలేదంతే.

ఇక పనిలోకి వద్దాం.

కావలసినవి

- తాళం పడే గది ఒకటి. పది అడుగులు బై పదిహేను అడుగులున్నా సరిపోతుంది, పైకప్పు కారకపోతే చాలు.
- గట్టి అట్ట ఉన్న పెద్ద రిజిస్టర్ ఒకటి, పెన్సిళ్లు, తెల్ల కాటన్ నాడా.
- వాయిస్ రికార్డు చేసే ఫోన్, ఫోటోలు దాచుకోవడానికి రెండు హార్డ్ డిస్కులు. రెండూ ఒకే ఇంట్లో పెట్టొద్దు.
- గాలిలో తేమ, వేడి చూపించే చిన్న డిజిటల్ మీటర్. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, దీన్ని మాత్రం మానుకోకండి.
- కొలత టేపు, మెత్తటి బ్రష్షులు, ముతక పరదా గుడ్డ, చెక్క దిమ్మెలు.
- వారానికి ఒక పూట కచ్చితంగా ఇవ్వగలిగిన మనుషులు ముగ్గురు. దొరకడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే.

మా మొదటి గదికి 40 వేల రూపాయల లోపే అయింది, అందులో సగం కరెంటు వైరింగుకీ సున్నానికీ పోయింది. గ్లాసు బీరువాలు, విగ్రహాలు, పెద్ద బోర్డు మొదటి ఏడాది ఏవీ అక్కర్లేదు.

1. మీ మ్యూజియం దేని గురించో ఒక్క వాక్యంలో రాయండి

"పాత వస్తువుల మ్యూజియం" అని మొదలుపెడితే ఆరు నెలల్లో రాగి బిందెలు, పాత రేడియోలు, విరిగిన కుట్టుమిషన్లతో గది నిండిపోతుంది, ఎవరికీ వద్దని చెప్పలేరు. మేం రాసుకున్న వాక్యం ఇది: "సుంకేసుల నుంచి సంగమేశ్వరం దాకా తుంగభద్రను దాటిన మనుషులు, వాళ్లు వాడిన వస్తువులు." ఈ వాక్యానికి అతకని వస్తువు ఎంత అందంగా ఉన్నా దండం పెట్టి వెనక్కి పంపుతాం. కడప వాళ్లయితే పెన్న మీద రాసుకోవచ్చు, సిద్ధవటం, చెన్నూరు వైపు ఏరు దాటిన జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. అనంతపురం వాళ్లకు పడవలు తక్కువ, చెరువులు ఎక్కువ. తూములు, గడ్డపారలు, నీళ్ల వంతుల లెక్కలతో చెరువుల మ్యూజియం పెట్టుకుంటే అదే సొంతంగా ఉంటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువు కట్టడానికి ఏమేం కావాలో, ఏ దోషాలు ఉండకూడదో వరసగా చెబుతుంది. దాని ఫోటో ఒకటి, తేట తెలుగులో భావం ఒకటి గోడమీద పెడితే జనం అక్కడే నిలబడిపోతారు.

సరిగ్గా రాశారా లేదా తెలియాలంటే ఆ వాక్యాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. "అయితే ఫలానా వాళ్లను అడగండి" అని వెంటనే ఒక పేరు చెబితే వాక్యం బాగున్నట్టు. "మంచిది నాయనా" అని ఊరుకుంటే తిరగరాయండి.

2. వస్తువు కంటే ముందు మాట తెచ్చుకోండి

నా మాటల్లో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. పుట్టి ఎప్పుడైనా దొరుకుతుంది. పుట్టి తిప్పిన పెద్దాయన ఎనభై దాటి ఉంటాడు, ఆయన వచ్చే ఏడాదికి ఉంటాడో లేదో.

మేం మొదట దీన్ని తలకిందులుగా చేశాం. ఒక ఊళ్లో ఎవరో పుట్టి ఇస్తామంటే ట్రాక్టర్ మాట్లాడుకుని పోయి తెచ్చేశాం, కబుర్లు తర్వాత తీరిగ్గా రాసుకుందాం అనుకున్నాం. ఆయన ఆ చలికాలమే పోయారు. ఆ పుట్టి పక్కన ఇప్పటికీ మూడు లైన్లే ఉన్నాయి, దాన్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఇలా చేయండి. వాళ్లకు వరసయ్యే మనిషిని, కనీసం వాళ్ల ఇంటికి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. మొదటి రోజు ఫోన్ బయటికి తీయొద్దు, ఊరికే కూర్చుని టీ తాగి రండి. రెండో రోజు అనుమతి అడిగి రికార్డు చేయండి, ఆ అనుమతి కూడా రికార్డులో వినబడాలి. "మీ జీవితం గురించి చెప్పండి" లాంటి ప్రశ్నకు ఎవరూ ఏమీ చెప్పలేరు. చిన్న చిన్నవి అడగాలి: వెదురు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు? బద్దలు ఎన్ని రోజులు నానేసేవాళ్లు? తోలు ఎవరు ఇచ్చేవాళ్లు, తోలు పోయి తారు పూసిన పట్టలు ఎప్పుడొచ్చాయి? ఎంతమంది ఎక్కితే చాలనేవాళ్లు? ఏరు నిండుగా ఉన్నప్పుడు ఎక్కడ ఎక్కించుకుని ఎక్కడ దించేవాళ్లు? పెళ్లివాళ్లను, బాలింతలను, గొర్రెలను ఎలా దాటించేవాళ్లు? డబ్బులా, వడ్లా?

మాటలు వాళ్లు అన్నట్టే రాసుకోండి. పుట్టి, తెప్ప, అరిగోలు, తెడ్డు, గెడ, రేవు లాంటి మాటలకు ఊరూరికీ తేడా ఉంటుంది, మీరు సరిదిద్దకండి. పుట్టికి ముందూ వెనకా ఉండవు, గుండ్రంగా ఉంటుంది, తెలియనివాడు తెడ్డేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. దాన్ని నేరుగా నడిపే ఒడుపు చేతిలో ఉంటుంది కాబట్టి చెప్పమనడం కంటే చేసి చూపించమని అడిగి వీడియో తీసుకోవడం మేలు.

ఆడవాళ్లను తప్పకుండా అడగండి. చాలామంది అడగరు. రేవు దగ్గర ఎదురుచూసింది, నీళ్లెక్కువై పుట్టింటికి వెళ్లలేక ఆగిపోయింది వాళ్లే. ఒక జేజి చెప్పిన దాటింపు కథ మా గదిలో అందరూ ఎక్కువసేపు వినే రికార్డింగ్.

3. గది ఎంచుకోవడం

ఏటి ఒడ్డున పెడితే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. వద్దు. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు ఎలా మునిగిందో చూసినవాళ్లెవరూ కింది అంతస్తులో కాగితాలు పెట్టరు. మేడ మీద గది దొరికితే అది తీసుకోండి, పుట్టి మెట్లెక్కదనుకుంటే పుట్టిని మాత్రం కింద ఉంచి కాగితాలు, ఫోటోలు, గుడ్డలు పైన పెట్టండి. ఊళ్లో పెద్దవాళ్లను "నీళ్లు ఇంతవరకు ఎక్కడి దాకా వచ్చాయి" అని అడిగి గోడమీద గీత గీసుకోండి. ఆ గీత కింద ఏ అరా ఉండకూడదు.

పడమటి కిటికీ ఉంటే ముతక పరదా వేయండి. స్కూలు గది, పాత పంచాయతీ గది, లైబ్రరీ మూల ఏదైనా పరవాలేదు కానీ ఎన్నేళ్లకు ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి.

4. తీసుకునేటప్పుడు కాగితం, చట్టం

ఇస్తున్నది దానంగానా, చూపించడానికి అరువుగానా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఒక ఇంట్లో తమ్ముడు ఇచ్చిన లంగరును ఎనిమిది నెలల తర్వాత అన్న వచ్చి పట్టుకెళ్లాడు, తప్పు మాదే, ఇంట్లో మిగతావాళ్లను అడగలేదు. ఇప్పుడు ఒక పేజీ పత్రం పెట్టాం: వస్తువు, ఇచ్చినవాళ్ల పేరు, దానమా అరువా, అరువైతే ఏ తేదీ వరకు, ఇంట్లో మరో ఇద్దరి సంతకాలు. ఒక కాపీ వాళ్లకే ఇస్తాం.

వీటిలో జాగ్రత్త:

- నేలలో దాగి దొరికిన వస్తువు 10 రూపాయల కంటే ఎక్కువ విలువ చేస్తే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నిక్షేపాల) చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. చెరువు పూడిక తీస్తుంటే నాణేలు దొరికాయని మీ దగ్గరికి తెస్తే తీసుకోవద్దు, చట్టం సంగతి చెప్పి పంపండి.
- నూరేళ్లు దాటిన శిల్పాలు, లోహ విగ్రహాలు, రాతప్రతుల్లాంటివి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. కొన్నిటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అనుమానం ఉంటే జిల్లా మ్యూజియం వాళ్లను అడగండి. కర్నూల్లో ప్రభుత్వ మ్యూజియం ఉంది, కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది.
- తాబేలు డిప్పలు, పులిగోళ్లు, కొన్ని రకాల గవ్వలు, శంఖాలు దగ్గర పెట్టుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. పడవ పక్కన అందంగా ఉంటుందని సముద్రపు గవ్వలు కొని పెట్టకండి.
- డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టొద్దు. ఒక్కసారి కొన్నారంటే గుళ్లలోంచి, పాత ఇళ్లలోంచి వస్తువులు లేచిపోవడం మొదలవుతుంది.

5. రిజిస్టర్

ఒక్కో వస్తువుకు ఒక నంబర్, జీవితంలో మారదు. సంవత్సరం, ఆ ఏడు ఎన్నో ఇల్లు, ఆ ఇంటి నుంచి ఎన్నో వస్తువు: 2023.4.2 అంటే 2023లో నాలుగో ఇంటి నుంచి వచ్చిన రెండో వస్తువు. పేరు, కొలతలు, దేనితో చేసింది, ఎవరు వాడారు, ఎప్పుడు వచ్చింది, వచ్చేసరికి ఎలా ఉంది, ఎక్కడ పెట్టాం, ఇవన్నీ రాయాలి. "వచ్చేసరికి ఎలా ఉంది" అన్నది చాలామంది వదిలేస్తారు, తర్వాత పగులు పాతదా మనం చేసిందా తెలియదు. నంబరును వస్తువు మీద స్కెచ్ పెన్నుతో రాయొద్దు, నాడా ముక్క మీద రాసి వదులుగా కట్టండి. కంప్యూటర్లో కూడా ఎక్కించండి కానీ చేతిరాత రిజిస్టర్ మానొద్దు.

నెలకోసారి ఇలా సరిచూసుకోండి: గదిలో ఏవైనా ఐదు వస్తువులు పట్టుకుని రిజిస్టర్లో వెతకండి. తర్వాత రిజిస్టర్లో ఏవైనా ఐదు పేజీలు తీసి ఆ వస్తువులు గదిలో వెతకండి. పదికి పది దొరకాలి. తొమ్మిది దొరికితే ఆ రోజు కొత్త వస్తువు తీసుకోవడం ఆపి పదోది వెతకండి.

6. వస్తువులు చెడిపోకుండా

మన దగ్గర సమస్య తీరంలో ఉన్న సమస్య కాదు. అక్కడ ఉప్పుగాలి, తేమ. ఇక్కడ ఎండ. ఏప్రిల్ మధ్యాహ్నం మా మీటర్ తేమ 20 శాతం దగ్గర చూపిస్తుంది, వానలు పడిన వారానికి 75 చూపిస్తుంది. కొయ్యను చంపేది ఈ ఊగిసలాటే, ఎండుతుంది, ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది. 45 నుంచి 55 మధ్య నిలపగలిగితే అద్భుతం, మనకు ఏసీ లేకుండా కుదరదు, కాబట్టి కనీసం ఒక్కసారిగా మారకుండా చూసుకోండి. ఎండాకాలం కిటికీలు పొద్దున తొమ్మిదికల్లా మూసేయండి, కూలర్ మాత్రం పెట్టకండి, అది ఒకే గంటలో తేమను పైకెత్తేస్తుంది. రోజూ ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం మూడుకు మీటర్ చూసి నోటుబుక్కులో రాయండి.

నీళ్లలోంచి తీసిన కొయ్య వస్తే ఎండలో పెట్టొద్దు! జనం చేసే మొదటి పని అదే. ఎన్నో ఏళ్లు నీళ్లలో ఉన్న కొయ్య కణాల్లో నీళ్లే బలం, అవి ఒక్కసారిగా పోతే కొయ్య ముడుచుకుని వారం రోజుల్లో చీలికలవుతుంది. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా అనే ఓడను 1961లో పైకి తీశాక ఎండనివ్వకుండా 17 ఏళ్లపాటు పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని దానిమీద చల్లారు, నీటి స్థానంలో అది చేరాలని. మనం అంత చేయలేం. తడి కొయ్యను మంచినీళ్ల తొట్టిలోనే ఉంచి జిల్లా మ్యూజియానికి ఫోన్ చేయండి. చిన్న గెడ ముక్కలాంటిదైతే ప్లాస్టిక్ పట్టలో చుట్టి, రెండు మూడు చిల్లులు పెట్టి, నీడలో నెలల తరబడి నిదానంగా ఆరనివ్వండి. సంగమేశ్వరం గుడిలో లింగం వేపదారుదని చెబుతారు. శ్రీశైలం డ్యామ్ కట్టాక గుడి ఏటా నెలల తరబడి మునుగుతుంది, ఎండాకాలం మళ్లీ బయటపడుతుంది. నీళ్లలో కొయ్య ఎలా నిలుస్తుందో పిల్లలకు చెప్పడానికి మేం దాని కథతోనే మొదలుపెడతాం.

తోలు పుట్టికి ఆముదం, కొబ్బరినూనె పూయకండి. పూసిన రోజు మెరుస్తుంది, తర్వాత నల్లబడి, దుమ్ము పట్టి, పురుగును పిలుస్తుంది. దిమ్మెల మీద నేలకు అరచెయ్యంత ఎత్తున బోర్లించి పెట్టండి, వెదురు బద్దల మీద బరువు ఒక్కచోటే పడకూడదు.

ఇనుప లంగర్లు, గొలుసులు: బాత్రూమ్ కడిగే యాసిడ్ తగలనీయొద్దు. తుప్పు పోయినట్టే కనిపిస్తుంది, నెల తర్వాత రెట్టింపై వస్తుంది. పొడి బ్రష్‌తో ఊడే తుప్పును మాత్రం దులిపి, పల్చగా మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం రుద్దండి.

పాత కాగితాలకు లామినేషన్ చేయించడం, సెల్లోటేప్ అంటించడం రెండూ తిరిగిరాని నష్టాలు. రేవు వేలం కాగితం ఒకటి అలా పాడైంది మా దగ్గర. ఫోటో తీసి, ఆ ఫోటో ప్రింటును ప్రదర్శనలో పెట్టి, అసలుది చీకట్లో దాచండి.

కొయ్య తొలిచే పురుగుకు పరీక్ష చాలా సులువు. ప్రతి కొయ్య వస్తువు కింద తెల్ల కాగితం పరిచి వారం తర్వాత చూడండి. పిండిలాంటి పొడి రాలి ఉంటే లోపల పురుగు బతికే ఉంది, ఆ వస్తువును వెంటనే వేరే గదికి మార్చండి. వెలుతురు ఎక్కువైందా అని చూడాలంటే నీలం గుడ్డ ముక్కను సగం అట్టతో మూసి గోడకు అంటించి నెల ఆగండి, రెండు సగాలకూ రంగు తేడా వస్తే ఆ గోడమీద ఫోటోలు పెట్టొద్దు.

7. చూపించడం, చీటీలు రాయడం

అరవై వస్తువులున్నా ఇరవై మాత్రమే బయట పెట్టండి. ఒక్కో చీటీ నలభై మాటలు దాటొద్దు. "ప్రాచీన జలరవాణా సాధనము" అని రాస్తే ఎవరూ చదవరు. "ఈ పుట్టిలో ఆరుగురు, ఒక మేక" అని రాస్తే ప్రతి పిల్లా ఆగి లెక్కపెడుతుంది. చీటీ రాశాక ఎనిమిదో తరగతి పిల్లతో పైకి చదివించండి, ఎక్కడ తడబడితే ఆ మాట మార్చండి. తర్వాత పుట్టి నడిపిన మనిషికి చదివి వినిపించండి. ఆయన తల ఊపితేనే గోడకెక్కాలి.

సముద్రం వైపు కథ కూడా ఒక మూల పెట్టండి. తుంగభద్ర కృష్ణలో కలిసి, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే దాకా మ్యాప్ గీయండి. 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం గురించి రాయండి: తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు, కాకతీయ రాజు గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకుంటానని మాట ఇచ్చాడు. రెండు తెరచాప కొయ్యలున్న శాతవాహన నాణెం బొమ్మ పెద్దది చేసి పెట్టండి.

వీలైతే మీ ముగ్గురూ ఒకసారి విశాఖ వెళ్లి ఆర్కే బీచ్‌లో కుర్సురా చూసి రండి. 2001లో విధుల నుంచి తప్పించిన ఆ జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. లోపల ఇనుము కంటే నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు చెప్పే మాటలే మనసులో ఉండిపోతాయి. మన గదిలో ఆ చోటు పుట్టి తిప్పిన పెద్దాయనది. ఆదివారం ఆయనకు కుర్చీ వేయండి, దారిఖర్చులు, భోజనం మీరు చూసుకోండి.

8. రిజిస్ట్రేషన్, డబ్బు

మొదటి ఏడాది ఏదీ అక్కర్లేదు. నడుస్తుందని నమ్మకం కుదిరాక ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సొసైటీ పెట్టుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సభ్యుల్లో ఇద్దరైనా ఆ రేవు కుటుంబాల నుంచి ఉండాలి, వస్తువులు వాళ్లవి. ఆడిట్ ఏటా చేయించండి, ఆ కాగితాలు లేకపోతే కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియం గ్రాంటుకైనా, దాతలకైనా మొహం చూపించలేరు. దాత పేరు బోర్డు మీద రాయండి, దాత చెప్పిన వస్తువు పెట్టాలనే షరతుకు మాత్రం ఒప్పుకోకండి.

9. తలుపు తెరవడం

ప్రారంభోత్సవానికి టెంటు, మైకు, శాలువాలకు డబ్బు తగలేసి, నెల తిరిగేసరికి తాళం వేసిన గదులు నేను చాలా చూశాను. వారానికి ఒక్క రోజైనా సరే, అదే రోజు, అదే గంటలు. మాది ఆదివారం పది నుంచి ఒంటిగంట. మే నెలలో పొద్దున ఏడు నుంచి పది. వచ్చినవాళ్ల పేర్లతో పాటు "మీ ఇంట్లో ఏరు దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అనే ఒక్క ప్రశ్నకు జవాబు రాయించుకోండి, మాకు కొత్త వస్తువులూ, కొత్త పెద్దవాళ్లూ ఎక్కువగా ఆ పుస్తకంలోంచే దొరికారు.

తాళం చెవులు రెండుండాలి. రెండోది ఎవరి దగ్గరుందో రిజిస్టర్ మొదటి పేజీలో ఫోన్ నంబరుతో సహా రాసిపెట్టండి.